పీఈటీ షీటు మీద వెండి ఇంకు గీతలు పగలకుండా ఆగాయి: నా అనుభవం

సిల్వర్ నానో ఇంకుతో (అతి సన్నని వెండి రేణువులున్న, కరెంటు పారే ఇంకు) పీఈటీ అనే ప్లాస్టిక్ షీటు మీద స్ట్రెయిన్ సెన్సర్ (సాగుడు, వంపు కొలిచేది) గీతలు ప్రింట్ చేస్తే, తడిగా ఉన్నంతసేపూ చక్కగానే కనిపించేవి. ఓవెన్‌లోంచి తీశాక మాత్రం వెంట్రుకంత బీటలు, రెసిస్టెన్స్ మెగా ఓమ్‌లలో, అంటే కరెంటు దాదాపు పారనట్టే. ఇంకు మార్చాను, రెండు పొరలు వేశాను, వేడి పెంచాను, ఏదీ పనిచేయలేదు.

అసలు చిక్కు షీటుదని నాకు అనిపిస్తోంది. తయారీలో సాగదీసిన పీఈటీ, వేడి తగిలితే కాస్త ముడుచుకుంటుంది. అప్పుడే గట్టిపడుతున్న వెండి పొర ఆ కదలికను తట్టుకోలేదు.

అందుకే ముందు ఖాళీ షీటునే 130 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాను, అంచులు బిగించకుండా. ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంది. పూర్తిగా చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ప్రింట్ చేశాను. 60 డిగ్రీల దగ్గర పావుగంట ఆరనిచ్చాను. ఇక్కడ తొందర వద్దు: ఇంకులోని ద్రావణి (రేణువులు కలిసి ఉండే ద్రవం) మిగిలి ఉండగా వేడి ఎక్కిస్తే ఆవిరి పొరను చీల్చుకుని వస్తుంది. తర్వాతే, నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున 120కి తీసుకెళ్లి అరగంట ఉంచాను. మొదటి వేడిని దాటకపోవడమే ముఖ్యం.

ఇప్పుడు రెసిస్టెన్స్ పదుల ఓమ్‌లలో ఉంది, వంచినా గీత తెగలేదు.

ఇదంతా 125 మైక్రాన్ల షీటు, ఒకే ఇంకుతో చూసింది. పాలిఇమైడ్ అనే మరో రకం ప్లాస్టిక్ షీటు ఈ వేడికి ఇంతగా ముడుచుకోదు, అక్కడ బీటలొస్తే కారణం వేరే వెతకాలి.