పాత బండి మీటర్‌లో కిలోమీటర్లు తేడాగా చూపిస్తుంటే ఎక్కడ వెతకాలి

ఇది పాత స్ప్లెండర్ లాంటి ముల్లు మీటర్, కేబుల్ ఉన్న బళ్ళ గురించి, డిజిటల్ మీటర్లవి సెన్సార్‌తో నడుస్తాయి కాబట్టి వాటి లెక్క వేరు. రీడింగ్ తేడా వస్తోంది అనగానే చాలామంది మీటర్ మొత్తం మార్చేస్తున్నారు, దయచేసి ఆ పని ముందు చేయకండి, ఎక్కువసార్లు తప్పు కింద చక్రం దగ్గరో కేబుల్‌లోనో ఉంటది.

ముందు చక్రం తిరిగితే హబ్‌లో, అంటే చక్రం మధ్య భాగంలో ఉన్న మీటర్ గేర్ కేబుల్ లోపలి తీగని తిప్పుతుంది, ఆ తీగ పైన మీటర్‌లో ఒక అయస్కాంతాన్ని తిప్పితే ఆ లాగుడికి ముల్లు లేస్తది, అదే తీగ చిన్న గేర్ల ద్వారా నంబర్ చక్రాల్ని కూడా తిప్పుతుంది. అంటే దారి ఒకటే, పని రెండు. అందుకే ముల్లు ఆగిందా, నంబర్లు ఆగాయా, రెండూ ఆగాయా అన్నది ముందు చూసుకోండి.

రెండూ ఆగిపోతే: మీటర్ దగ్గర కేబుల్ నట్ విప్పి కేబుల్ పై చివరని మీటర్ నుంచి బయటికి తీసి, బండి మెయిన్ స్టాండ్ మీద పెట్టి ముందు చక్రం పైకి లేపించి చేత్తో తిప్పండి. తీగ తిరిగితే తేడా పైన మీటర్‌లో, లేదా తీగ చివర పలకలు అరిగి మీటర్‌లో పట్టుకోవట్లేదు. తిరక్కపోతే తీగ తెగిందో, హబ్ గేర్ పోయిందో. ముందు చక్రం పంక్చర్ వేయించిన మర్నాటి నుంచే మీటర్ ఆగిందంటే నేరుగా హబ్ చూడండి, చక్రం బిగించేటప్పుడు గేర్‌ని తిప్పే రెక్కలు హబ్ గాడిలో సరిగ్గా కూర్చోకపోతే వంగిపోతాయి, విరుగుతాయి కూడా, ఇది చాలా మామూలుగా జరిగేదే.

ముల్లు ఊగుతూ, కిలోమీటర్లు ఒకసారి తిరిగి ఒకసారి ఆగుతుంటే కేబుల్ ఎండిపోయి ఉంటది లేదా ఎక్కడో బాగా మడత పడి ఉంటది. తీగ బయటికి లాగి కిరోసిన్‌తో తుడిచి పల్చగా గ్రీజు రాయండి, కానీ మీటర్ వైపు చివర ఒక జానెడు వదిలేయండి, అక్కడ కూడా రాస్తే గ్రీజు పైకి ఎక్కి మీటర్ లోపల అంటుకుంటది.

ముల్లు బాగానే పనిచేస్తూ నంబర్లు మాత్రం కదలట్లేదా, అప్పుడు మాత్రమే మీటర్ విప్పాలి, లోపల ప్లాస్టిక్ గేర్ పళ్ళు అరిగి ఉంటాయి. ట్రిప్ మీటర్ (ఎప్పుడైనా జీరో చేసుకునే చిన్న మీటర్) ఉన్న బండైతే నడుస్తుండగా జీరో చేయకండి, ఆ గేర్ల మీద భారం పడుద్ది.

ఇక అసలు తికమక పెట్టేది, అన్నీ తిరుగుతున్నాయి కానీ లెక్క తప్పు. దీన్ని ముల్లుతో పోల్చి తేల్చకండి, కంపెనీలు ముల్లుని అసలు స్పీడ్ కంటే కొంచెం ఎక్కువే చూపించేలా పెడతాయి. తిన్నగా ఉన్న హైవే మీద ఫోన్ జీపీఎస్ పెట్టుకుని ఒక 10 కిలోమీటర్లు నడిపి చూడండి, మీటర్‌లో చివర వేరే రంగులో ఉన్న అంకె ఒక్కోటి 100 మీటర్లు కాబట్టి తేడా బాగా తెలుస్తది. ప్రతిసారీ ఒకేలా రెండు శాతం అటూ ఇటూ వస్తే టైరే కారణం. ముందు చక్రానికి 2.75-18 సైజు టైర్ ఉండాల్సిన చోట 3.00-18 వేస్తే చక్రం దాదాపు రెండు శాతం పెద్దదవుతది, 100 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 98 చూపిస్తది, టైర్ బాగా అరిగితే దీనికి ఉల్టా, కాస్త ఎక్కువ చూపిస్తది. ఈ బళ్ళల్లో వెనక టైర్‌కి దీంతో సంబంధం లేదు. మారుతీ 800 లాంటి పాత కార్లలో కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తది, అక్కడ ఇంజన్ తిప్పే చక్రాల టైర్లు చూడాలి.

తేడా పదీ ఇరవై శాతం ఉంటే మాత్రం టైర్ కాదు, ఎవరో వేరే మోడల్ మీటరో హబ్ గేరో వేసేశారు, రెండింటి లెక్క కలవదు. బండి నంబర్ కాదు, మోడల్, సంవత్సరం చెప్పి దానికే సరిపోయే గేర్ తెప్పించండి. మైలేజ్ పడిపోయిందని కార్బురేటర్ విప్పించే ముందు కూడా ఇది ఒకసారి చూసుకోండి, మీటర్ తక్కువ చూపిస్తే మైలేజ్ లెక్క కూడా తక్కువే వస్తది. మీటర్ మార్చక తప్పకపోతే పాత రీడింగ్ ఫోటో తీసి, మార్చిన తేదీతో బిల్లు మీద రాయించుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి చూపించాలి.