నేషనల్ పార్కులన్నీ ఇద్దరూ కలిసి చూడాలంటే ముందు గేట్ల లెక్క తేలాలి

మన దేశంలో నేషనల్ పార్కులు నూరు దాటాయి. అన్నీ చూసేద్దామని బయల్దేరే జంటలు కన్హా, కజిరంగా, గిర్ లాంటి పేరున్న వాటితో మొదలుపెడతారు. మొదటి ఇరవై హాయిగా అయిపోతాయి. ఆ తర్వాతే బండి మొరాయిస్తుంది. చాలాసార్లు దానికి కారణం డబ్బో, సెలవులో కాదు. వెళ్లే నెలలో గేటు మూసి ఉంటుంది, లేదా పర్మిట్ చేతిలో ఉండదు. అందుకే జాబితా రాసుకునేటప్పుడు పార్కు పేరు పక్కనే రెండు గడులు పెట్టుకోండి: ఏ నెలల్లో తెరుస్తారు, ఎవరి అనుమతి కావాలి.

అసలు ఏది లెక్కలోకి వస్తుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ కింద ప్రకటించినదే నేషనల్ పార్కు. అభయారణ్యం వేరు, టైగర్ రిజర్వు వేరు. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ ఎంత పెద్ద అడవులైనా ఈ లెక్కలోకి రావు. హైదరాబాద్ నడిబొడ్డున, చదరపు కిలోమీటరున్నర కూడా లేని కేబీఆర్ పార్కు మాత్రం వస్తుంది. తెలంగాణలో దానితోపాటు మృగవని, మహావీర్ హరిణ వనస్థలి ఉన్నాయి. ఆంధ్రలో శ్రీ వెంకటేశ్వర, పాపికొండ, కడప జిల్లాలోని రాజీవ్ గాంధీ పార్కు. ఈ ఆరింటినీ చివరికి వదిలేయకండి. వారాంతాల్లో తిరుగుతూనే జాబితా ఎలా రాసుకోవాలో, ఏం మర్చిపోతున్నారో తెలిసిపోతుంది.

పేర్లలో ఇంకో చిక్కుంది. మహారాష్ట్రలోని పులుల అడవిని తాడోబా-అంధారి అని కలిపి పిలుస్తాం గానీ, అందులో నేషనల్ పార్కు తాడోబా చెరువు చుట్టూ ఉన్న 116 చదరపు కిలోమీటర్లే. అంధారి అభయారణ్యం. చుట్టూ ఉండే బఫర్ జోన్‌లో సఫారీ చేసి, పులిని కూడా చూసి, సంతోషంగా టిక్కు పెట్టుకుంటే అది తప్పు లెక్క. టికెట్ కొనే ముందే ఆ గేటు నుంచి జిప్సీ (సఫారీ జీపు) ఏ రూట్లో వెళ్తుందో అడగండి.

‘చూశాం’ అంటే ఏమిటో కూడా మొదటి రోజే ఇద్దరూ ఒప్పుకోవాలి. నందాదేవి పార్కు లోపలి భాగాన్ని 1980ల మొదట్లోనే మూసేశారు. మన్నార్ సింధుశాఖ పార్కులో 21 దీవులున్నాయి, వాటిమీద దిగనివ్వరు, పడవలోంచి చూడాల్సిందే. ఇలాంటివాటికి ‘అనుమతి ఉన్నంత దాకా వెళ్లాం’ అని వేరే గడి పెట్టుకోవడం నిజాయితీ. ఒకరికి జ్వరమొచ్చి గదిలో ఉండిపోతే? మా ఉద్దేశంలో అది లెక్కకు రాదు, ఇద్దరూ గేటు దాటాలి. మీకు వేరే అభిప్రాయం ఉంటే సరే, కానీ ఆ మాట జ్వరం రాకముందే తేల్చుకోండి.

ఇక నెలలు. మధ్యప్రదేశ్ పార్కుల్లో కోర్ జోన్లు, అంటే లోపలి అసలు అడవి, జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మూత. గిర్ జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు. కార్బెట్‌లోని ఢికాలా జోన్ నవంబరు 15న తెరిచి జూన్ 15న మూస్తారు. కజిరంగాకు వానాకాలం వెళ్లే పనే లేదు, బ్రహ్మపుత్ర వరద పార్కులోకి వచ్చేస్తుంది. కేరళలోని ఎరవికులం అందుకు భిన్నం: వరయాడు అనే కొండమేక ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిలలో మూస్తారు. వీటికి తోడు వారపు సెలవులు. మధ్యప్రదేశ్‌లో బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు, తాడోబా కోర్‌కు మంగళవారం సెలవు.

మరి వానాకాలం ఇంట్లో కూర్చోవాలా? అక్కర్లేదు. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) తెరిచేదే జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా, పూలు నిండుగా ఉండేది జులై, ఆగస్టుల్లో. లోపల రాత్రి ఉండనివ్వరు కాబట్టి దగ్గరి ఊరు ఘాంఘరియాలో రెండు రాత్రులు పెట్టుకోండి, ఒక రోజు వాన మింగేసినా ఇంకో రోజు మిగులుతుంది. ఆ నెలల్లోనే భరత్‌పూర్ కేవలదేవ్‌లో కొంగలు గూళ్లు కడతాయి. లద్దాఖ్‌లోని హేమిస్ కూడా వేసవి చివర తేలిక. మంచు చిరుతే కావాలంటే మాత్రం ఫిబ్రవరి, మార్చి చలికి సిద్ధపడాలి.

జిప్సీలో సందర్శకులకు ఆరు సీట్లు. ఇద్దరే వెళ్తే బండి మొత్తం ఖర్చు మీదే పడుతుంది. విడి సీట్లు అమ్మే చోట అవే తీసుకోండి, లేదంటే ముందురోజు సాయంత్రం గేటు దగ్గర ఇంకో జంటను వెతుక్కోండి. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో అదే ఒరిజినల్ గేటులో చూపించాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, ఆవిడ ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి ఉండడం మామూలే. తెల్లవారుజామున ఐదున్నరకు, వెనకాల బండ్లు హారన్లు కొడుతుంటే, ఆ గుమాస్తాకు మీ పెళ్లి కథ వినే తీరిక ఉండదు. ప్రయాణాలన్నిటికీ ఒకే కార్డు వాడండి. డిసెంబరులో ఓపెన్ జిప్సీ వెనక సీటు మీద చలిగాలి నేరుగా మొహానికి కొడుతుంది. మంకీ క్యాప్, గ్లౌజులు, ఒళ్లో ఒక దుప్పటి తప్పనిసరి. ఎండెక్కాక అవే బరువు, కాబట్టి పొరలు పొరలుగా వేసుకోండి.

ప్రాంతాల వారీగా కలుపుకొనేటప్పుడు చిన్నవాటిని వదలొద్దు. కన్హా నుంచి బాంధవ్‌గఢ్ వెళ్లే వాళ్లు ఘుఘువా దగ్గరి శిలాజాల పార్కును దాటేసి పోతారు. పావు చదరపు కిలోమీటరు స్థలం, గంటలో చూసేయొచ్చు. దాటేస్తే ఆ ఒక్క గంట కోసం మళ్లీ జబల్‌పూర్ రైలెక్కాలి.

ఈశాన్యానికి వెళ్తే అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు ఆ రాష్ట్రంలోకి వెళ్లే అనుమతి) కావాలి. మనిషికొకటి, రాష్ట్రానికొకటి. ఒకరిది వచ్చి ఇంకొకరిది రాకముందే టికెట్లు కొనకండి. మణిపూర్‌లోని కైబుల్ లంజావో నీళ్లమీద తేలే పార్కు. అక్కడి గడ్డి తెప్పల్ని ఫుమ్‌దీలంటారు. వాటి మందంలో ఐదింట నాలుగు వంతులు నీటిలోనే ఉంటుంది, అడుగు వేస్తే నేల స్పంజిలా దిగుతుంది. గైడు నడిచిన చోటే నడవండి.

అండమాన్ నికోబార్‌లో తొమ్మిది పార్కులున్నాయి, ఒక్క సెలవులో అవవు. వండూర్ మెరైన్ పార్కుకు సోమవారం సెలవు. అందులోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవుల్ని కాలాన్ని బట్టి మార్చి మార్చి తెరుస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. డిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్ 732 మీటర్లే అయినా ఉక్కపోత వల్ల పూర్తి రోజు తినేస్తుంది. బటన్ దీవులు మూడింటికీ అటవీ శాఖను ముందే అడగాలి. గలాథియా, కాంప్‌బెల్ బే పార్కులు గ్రేట్ నికోబార్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్లేది ఓడలో, దాని తేదీలు సముద్రాన్ని బట్టి జరుగుతుంటాయి. వెనక్కి వచ్చే ఓడకీ, ఇంటికి విమానానికీ మధ్య కనీసం నాలుగైదు రోజులు ఖాళీ ఉంచుకుని టికెట్ కొనండి.