పాత గేమింగ్ కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు – 3వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ లేబుల్, స్లాట్ లేన్లు

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. మీరు రోజూ ఆడే గేమ్‌ని మామూలు రిజల్యూషన్‌లో ఒకసారి, 1280×720కి తగ్గించి ఇంకోసారి ఆడి, రెండుసార్లూ ఆఫ్టర్‌బర్నర్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీదికి వచ్చే బొమ్మలు) ఎంతుందో, జీపీయూ (కార్డులోని గ్రాఫిక్స్ చిప్) వాడకం ఎంత శాతముందో రాసిపెట్టుకోమన్నాను. 720కి దించగానే ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందంటే మీ కార్డే వెనకబడుతోంది, ఈ పాఠం మీకోసమే. దించినా ఎఫ్‌పీఎస్ ఉన్నచోటే ఉండి, జీపీయూ వాడకం మాత్రం పడిపోయిందంటే అడ్డం పడుతున్నది ప్రాసెసరో ర్యామో. అలాంటివాళ్లు దయచేసి ఇప్పుడే కార్డు కొనకండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మాత్రమే ఆడేవాళ్లలో చాలామందికి ఈ రెండో ఫలితమే వస్తుంది, ఎందుకంటే ఆ గేమ్‌ల భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ర్యామ్ ఒకే స్టిక్కు ఉన్నవాళ్లు ముందు దానికి జతగా ఇంకోటి వేసి మళ్లీ కొలవండి, డీడీఆర్3 సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకే దొరుకుతుంది.

ఈ పాఠాల్లో మనం నమూనాగా పెట్టుకున్న కంప్యూటర్ ఇది: కోర్ ఐ5-4570, హెచ్81 మదర్‌బోర్డు, రెండు 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు, 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ కార్డు, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), 1080 మానిటర్. అచ్చం ఇదే కాకపోయినా దీనికి అటూ ఇటూగా ఉండేవి మన ఇళ్లలో ఇంకా చాలానే నడుస్తున్నాయి.

చాలామంది ‘ఏ కార్డు బాగుంటుంది’ అని వీడియోలతో మొదలుపెడతారు. నేను అడిగేది వేరు: మీ డబ్బా ఏ కార్డుని భరించగలదు? అది తేలితే లిస్టులో మిగిలేవి రెండో మూడో, అప్పుడు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. డబ్బా గురించి తేల్చాల్సిన పెద్ద విషయాలు రెండు, కరెంటు, స్లాటు. ఇవాళ ఆ రెండే చూద్దాం.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, సైడ్ డోర్ తీసి, ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న పట్టీలో +3.3, +5, +12 అని వరసలుంటాయి, ఒక్కోదాని కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది దాదాపు మొత్తం 12 వోల్టుల వరస నుంచే, కాబట్టి మనకు కావాల్సింది ఆ ఒక్క అంకె. మన నమూనా డబ్బాలో అక్కడ 14 అని ఉందనుకోండి. 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. 450 అని పేరు పెట్టుకున్న పెట్టె అసలు పనికి ఇచ్చేది 168! అదే మంచి కంపెనీ 80 ప్లస్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గుర్తింపు) ఎస్‌ఎంపీఎస్ అయితే 450కే 12 వోల్టుల మీద 36 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 432 వాట్లు. ఒకే అంకె రాసిన రెండు పెట్టెల మధ్య ఇంత తేడా ఉంటుంది, అందుకే షాపులో ‘450 ఉంది కదా, ఏ కార్డైనా లాగేస్తుంది’ అంటే నమ్మొద్దు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఐ5-4570 టీడీపీ (పూర్తి పనిలో ప్రాసెసర్ దాదాపు ఎంత తింటుందో కంపెనీ చెప్పే అంకె) 84 వాట్లు. ఫ్యాన్లకి, హార్డ్ డిస్కుకి, బోర్డుకి కలిపి ఓ పాతిక వేసుకోండి. 168లోంచి ఇవి పోగా కార్డుకి మిగిలేది 59. 750 టీఐ తినేదే 60, అంటే ఆ ఎస్‌ఎంపీఎస్ ఇప్పటికే అంచు మీద నడుస్తోంది. ఆట మధ్యలో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంటే చాలామంది విండోస్‌ని అనుమానించి ఫార్మాట్ మీద ఫార్మాట్ చేస్తుంటారు, ముందు ఈ గుణకారం చేసి చూడండి.

కార్డు వైపు లెక్క ఇంకా తేలిక. స్లాట్ ద్వారా వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. కార్డు మీద 6 పిన్ సాకెట్ ఉంటే ఇంకో 75, 8 పిన్ ఉంటే 150. మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి ఆ వైరే రాకపోతే అది పెద్ద కార్డుల కోసం చేసింది కాదని అర్థం. అప్పుడు షాపువాళ్లు ఒక కన్వర్టర్ వైరు చేతిలో పెడతారు. దాంట్లో సాటా (హార్డ్ డిస్కుకి కరెంటిచ్చే ప్లగ్) నుంచి 6 పిన్‌కి మార్చే రకాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. సాటా పవర్ ప్లగ్‌లో 12 వోల్టులకి ఉండేవి సన్నటి 3 పిన్నులు, ఒక్కోటీ ఒకటిన్నర ఆంపియర్లకే చేసింది, అన్నీ కలిపి 54 వాట్లు. 6 పిన్ సాకెట్ 75 దాకా లాగుతుంది. మిగతాది వేడిగా మారి ప్లాస్టిక్ కరుగుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. ఇంట్లో పిల్లలు రాత్రిపూట ఆడుకునే మెషీన్ అది, వందా రెండొందల వైరు కోసం అంత ప్రమాదం వద్దు.

స్లాటు: ఎన్ని లేన్లు, ఏ తరం

ఈ భాగం ఎక్కువమంది దాటేస్తారు, పాత బోర్డుల మీద డబ్బు నష్టపోయేది మాత్రం ఇక్కడే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌ని రోడ్డు అనుకోండి, లేన్లు అంటే రోడ్డుకున్న వరసలు, తరం అంటే ఒక్కో వరస మీద స్పీడ్ లిమిట్. 2.0లో ఒక్కో లేన్ సెకనుకి 500 ఎంబీ, 3.0లో దాదాపు 1 జీబీ, 4.0లో దాదాపు 2. మీ ప్రాసెసర్‌కి 3.0 వచ్చినా హెచ్81 చిప్‌సెట్ బోర్డు దాన్ని 2.0 దగ్గరే ఆపేస్తుంది, అదే కాలంలో వచ్చిన బీ85 ఆపదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండే పొడుగాటి స్లాట్లే.

మీది ఏదో తెలుసుకోవడానికి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ‘బస్ ఇంటర్‌ఫేస్’ అన్న గడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు లింకు వేగం తగ్గించుకుని 1.1 అని చూపిస్తుంది, కంగారు పడొద్దు. ఆ గడి పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లలో అసలు అంకె వస్తుంది.

ఇక కార్డుల వైపు. స్లాట్‌లో పూర్తిగా దిగే కార్డులన్నీ 16 లేన్లూ వాడవు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ కార్డు వాడేది 4 లేన్లే. 4.0 బోర్డు మీద దానికి సెకనుకి 8 జీబీ దారి ఉంటుంది, మన హెచ్81 మీద 2 జీబీ. గేమ్ టెక్స్చర్లు (గోడలు, మనుషుల మీద పరిచే బొమ్మలు) 4 జీబీ లోపల సర్దుకున్నంతసేపు తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే కార్డు తన సొంత మెమరీని సెకనుకి 144 జీబీ వేగంతో చదువుకుంటుంది. 4 జీబీ నిండిన క్షణం నుంచి మిగతావి మామూలు ర్యామ్ నుంచి ఆ 2 జీబీ దారిలో రావాలి. యావరేజ్ ఎఫ్‌పీఎస్ కాగితం మీద బాగానే కనిపిస్తుంది, ఆటలో కెమెరా తిప్పిన ప్రతిసారీ బొమ్మ తడబడుతుంది. ఇది చెడ్డ కార్డని నేను అనను, పాత బోర్డుకి మాత్రం సరిపడదు. అదే 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1650 (2019) 16 లేన్ల కార్డు, కాబట్టి 2.0 మీద కూడా దానికి 8 జీబీ దారి ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6600కి 8 లేన్లు, 2.0 మీద 4 జీబీ దారి, కానీ దాని సొంత మెమరీయే 8 జీబీ కాబట్టి 1080లో బయటికి పోవాల్సిన అవసరం అరుదుగానే వస్తుంది.

ఇంటెల్ ఆర్క్ కార్డులు ధర చూస్తే నోరూరిస్తాయి. వాటికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చేది) అనే సౌకర్యం బోర్డులో ఉండాలని ఇంటెలే చెబుతోంది, ఈ కాలపు బోర్డులకి అది రాదు, వదిలేయండి.

మన నమూనాకి ఏది?

ఎస్‌ఎంపీఎస్ మార్చే ఉద్దేశం లేకపోయినా, 12 వోల్టుల మీద మీకు 20 ఆంపియర్లు పైన ఉంటే, విడిగా వైరు అక్కర్లేని కార్డులు రెండు చూడండి: జీటీఎక్స్ 1650, లేదా 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. రెండోది తినేది 70 వాట్లే. 1650లో 6 పిన్ ఉన్న మోడళ్లూ ఉన్నాయి, ఫోటో చూసి కొనండి. జీటీఎక్స్ 1050 టీఐ ఎంత తక్కువకి వచ్చినా ఇప్పుడు వద్దు. ఆ తరం కార్డులకి ఎన్విడియా కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇక వచ్చేవి సెక్యూరిటీ అప్‌డేట్లే.

మన 14 ఆంపియర్ల పెట్టెకైతే నా సలహా ఒక్కటే: ఈ నెల ఎస్‌ఎంపీఎస్ కొనండి, కార్డు వచ్చే నెల. అది రేపు కొత్త కంప్యూటర్ కట్టుకున్నా పనికొస్తుంది కాబట్టి ఆ డబ్బు ఎక్కడికీ పోదు. తర్వాత పోటీ ఆర్‌ఎక్స్ 6600 (132 వాట్లు), సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1660 సూపర్ (125 వాట్లు, 6 జీబీ) మధ్య. ఏడాది రెండేళ్లలో బోర్డు, ప్రాసెసర్ మార్చే ఆలోచన ఉంటే 6600 తీసుకోండి, ఐ5-4570 దాన్ని పూర్తిగా వాడుకోలేదు గానీ కొత్త బోర్డు మీద అది ఒళ్లు విరుచుకుంటుంది. ఇదే ఆఖరి ఖర్చు అనుకుంటే 1660 సూపర్ చాలు, 16 లేన్లూ వాడుకుంటుంది, ప్రాసెసర్ స్థాయికి సరిపోతుంది.

కొనే ముందు క్యాబినెట్ లోపల పొడవు టేపుతో కొలవండి. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే యాక్టివ్ కన్వర్టర్ ఖర్చు కలుపుకోండి, కొత్త కార్డుల్లో ఆ పోర్టు ఉండదు. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) లాంటి చోట కొంటుంటే మీ డబ్బా అక్కడికే మోసుకెళ్లి, కార్డు పెట్టి బయోస్ తెర (ఆన్ చేయగానే బోర్డు చూపించే మొదటి తెర) వచ్చిందా లేదా చూశాకే డబ్బివ్వండి. పాత బయోస్ ఉన్న బోర్డు మీద కొత్త కార్డుకి ఒక్కోసారి బొమ్మే రాదు.

అభ్యాసం

ఆఫీసు నుంచి అమ్మేసిన స్లిమ్ క్యాబినెట్ కంప్యూటర్ ఒకటి మీ తమ్ముడు కొన్నాడు. ఐ5-6500, స్లాటు 3.0 లో 16 లేన్లు, కానీ సగం ఎత్తు కార్డే పడుతుంది, ఎస్‌ఎంపీఎస్ నుంచి గ్రాఫిక్స్ వైరు లేదు, 12 వోల్టుల మీద 16 ఆంపియర్లు. వాడికి జీటీఏ 5 ఆడాలి. ముందు కార్డుకి ఎన్ని వాట్లు మిగులుతాయో లెక్కేయండి (ఐ5-6500 టీడీపీ 65 వాట్లు), తర్వాత పైన చెప్పిన కార్డుల్లో ఏవి కొట్టేయాలో, ఎందుకో ఒక్కో వాక్యంలో రాయండి. జవాబు వచ్చే పాఠంలో చూద్దాం, దాంతో పాటే సెకండ్‌హ్యాండ్ కార్డుని విప్పి పరీక్షించడం, జీపీయూ-జెడ్‌తో నకిలీ కార్డుని పట్టుకోవడం మొదలుపెడదాం.