బరంపురం సైడ్ నేత సొసైటీలో మెంబర్ అవ్వాలంటే, అయ్యాక మన మాట చెల్లాలంటే

మన బరంపురంలో పట్టు నేసే ఇళ్ళల్లో చాలామంది ఇప్పటికీ షావుకారు దగ్గరే నేస్తున్నారు, నూలు ఆయనే ఇస్తాడు, చీర ఆయనే తీసుకుంటాడు, మజూరీ ఆయనెంతంటే అంత. సొసైటీలో చేరండి అంటే ఎవర్ని అడగాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి అని ఆగిపోతారు. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. మన డేరా వాళ్ళకి, అంటే నేతకులం వాళ్ళకి, పెద్దగా దేశిబెహెరా ఉంటారు కదా, రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి బుఢీ ఠాకురాణి అమ్మవారిని ఆడపడుచుని పుట్టింటికి పిలిచినట్టు పిలుచుకునేది ఆ ఇంటివాళ్ళే, అమ్మవారికి తాత్కాలికంగా గుడి కట్టేదీ దేశిబెహెరా వీధిలోనే. ఆ కట్టుబాటులో మనం పుట్టుకతోనే ఉన్నాం, ఎవరూ ఫారం అడగరు. సొసైటీ అలా కాదు, అది ఒడిశా సహకార సంఘాల చట్టం 1962 కింద రిజిస్టరైంది, అప్లికేషన్ పెట్టి షేర్ కడితేనే మెంబర్, పైగా ఎవరు ఎన్ని షేర్లు కొన్నా మనిషికి ఒక్కటే ఓటు. వీధిలో పెద్దవాళ్ళకి ఇచ్చే మర్యాద ఇవ్వండి, సొసైటీ ఆఫీసులో మాత్రం మీరూ ప్రెసిడెంటూ సమానమే, అది మర్చిపోవద్దు.

చేరేముందు అక్కడ ఇప్పటికే నేస్తున్న ఇద్దరు ముగ్గుర్ని కలవండి. ఆఫీసులో కాదు, వాళ్ళింట్లో మగ్గం దగ్గర. మజూరీ ఎన్నాళ్ళకి చేతికొస్తోంది, నూలు లేక మగ్గం ఖాళీగా ఎప్పుడైనా కూర్చుందా, కిందటేడు ఆడిట్ అయ్యిందా, ఈ మూడూ అడిగితే చాలు అసలు సంగతి తెలిసిపోద్ది. బోర్డు మాత్రం ఉండి లోపల మగ్గం చప్పుడు లేని సొసైటీలు కూడా ఉంటాయి, వాటికి షేర్ డబ్బులు కట్టి ఏం లాభం.

కాగితాలంటే మామూలివే, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, ఫొటోలు, ఇంకా నేతగాళ్ళకిచ్చే పెహచాన్ కార్డు. అది లేకపోతే జిల్లా టెక్స్‌టైల్స్ ఆఫీసులో అడగండి, 6 శాతం వడ్డీకిచ్చే వీవర్ ముద్రా లోనుకీ, ఇన్సూరెన్సుకీ కూడా అది పనికొస్తుంది. ఫారం ఒడియాలో ఉంటే ఒడియా మీడియం చదివిన పిల్లల చేత పైకి చదివించుకుని, ప్రతి లైనూ అర్థమయ్యాకే సంతకం పెట్టండి. డబ్బు కట్టగానే రసీదు, మెంబర్ నంబరు, సొసైటీ రూల్సన్నీ ఉండే బైలా కాపీ అడగండి. బైలా కాపీ రేపిస్తాం అంటారు, ఆ రేపు రాకపోతే మళ్ళీ వెళ్ళి అడగండి, ఎందుకంటే మీటింగ్ ఎప్పుడు పెట్టాలి, మెంబర్‌ని ఎప్పుడు తీసెయ్యొచ్చు అన్నీ అందులోనే ఉంటాయి.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మెంబర్‌షిప్ మగాళ్ళ పేరు మీదే ఎందుకుండాలి? కండెలు చుట్టేది, అచ్చు అతికేటప్పుడు, అంటే పాత పడుగు పోగులకి కొత్తవి కలిపేటప్పుడు, పక్కన కూర్చుని ఒక్కో పోగూ అందించేది, చాలా ఇళ్ళల్లో మగ్గమెక్కేది కూడా ఆడవాళ్ళే. 2019-20 చేనేత లెక్కల్లో దేశం మొత్తమ్మీద 35 లక్షల పైచిలుకు మంది ఈ పనిలో ఉంటే అందులో 70 శాతం పైనే ఆడవాళ్ళు. అయినా వాళ్ళల్లో చాలామందికి కార్డు లేదు, ఓటు లేదు. అమ్మ, అక్క, వదిన, కోడలు ఎవరు పని చేస్తుంటే వాళ్ళ పేరు మీద కూడా విడిగా అప్లికేషన్ పెట్టండి. ఇంటికొక్కరే అని ఆఫీసులో అంటే బైలాలో ఆ రూల్ ఎక్కడుందో చూపించమనండి.

ఇక నూలు తీసుకునేటప్పుడు. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి నిదానంగా చెప్తా. పట్టు పచ్చి నూలుగా ఉన్నప్పుడు దాని మీద జిగురు ఉంటుంది, సబ్బూ సోడా వేసి ఉడకబెడితే ఆ జిగురు పోతుంది, దాంతోపాటు బరువు కూడా దగ్గర దగ్గర పావు వంతు తగ్గిపోతుంది. అంటే కిలో పచ్చి నూలు తీసుకుంటే చేతికి మిగిలేది ముప్పావు కిలో. మీకిచ్చింది పచ్చిదా ఉడికించిందా అన్నది సొసైటీ వాళ్ళ నూలు పాస్‌బుక్‌లో రాయించకపోతే చీర అప్పజెప్పిన రోజు నూలు తక్కువైంది అని మజూరీలో కోత పడుతుంది. వానాకాలంలో పట్టు చెమ్మ పీలుస్తుంది, అప్పుడు కాటా మీద ఎక్కువ తూగుతుంది, ఆ ముసురులో తీసుకుని ఎండల్లో అప్పజెప్పేవాళ్ళు ఇది ముందే చెప్పుకోవాలి. కాటా సున్నా దగ్గర ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, జరీ విడిగా తూయించండి, పాస్‌బుక్‌లో తేదీ, బరువు, రంగు రాసి సంతకం అయ్యాకే మూట ఎత్తండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా ఎవరూ కాదనరు.

చీరలు ఎక్కడికి పోతున్నాయో కూడా అడగండి. రాష్ట్ర స్థాయిలో 1956 నుంచీ బయనికా అని చేనేత సహకార సంఘం ఉంది, అక్కడికెన్ని, బయటికెన్ని అని అడిగే హక్కు మెంబర్‌కుంది. మన బరంపురం పట్టుకి, గుడి గోపురం లాంటి ఆ ఫోడా కుంభ అంచు చీరకీ, మగవాళ్ళు కట్టే జోడాకీ, జీఐ గుర్తింపు (ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది, కానీ అది వచ్చినంత మాత్రాన ఆ ట్యాగ్ మీ చీర మీద పెట్టుకోడానికి కుదరదు, ఆథరైజ్డ్ యూజర్‌గా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి. సొసైటీ వాళ్ళు అందరిదీ కలిపి పంపిస్తే తిరుగుడు తప్పుతుంది, మీటింగ్‌లో ఇది అడగండి.

మీటింగ్ అంటే సర్వసభ్య సమావేశం, ఏడాదికోసారి. ఆ రోజు మగ్గం ఆపితే కూలి పోతుందని మానేస్తారు, తర్వాత ఏడాదంతా మజూరీ తక్కువని వీధి అరుగు మీద కూర్చుని బాధపడతారు. వెళ్ళండి, ఒక్కరే కాకుండా నలుగురైదుగురు కలిసి వెళ్ళండి, అడగాల్సింది ముందే కాగితం మీద రాసి ఇచ్చి, తీసుకున్నట్టు కాపీ మీద సంతకం పెట్టించుకోండి. మీటింగ్‌లో మాటలు రాసే మినిట్స్ పుస్తకంలో మీ మాట ఎక్కిందో లేదో చూసుకున్నాకే బయటికి రండి, ఎక్కనిదాని గురించి రేపు ఎవరూ జవాబు చెప్పరు.

ఫారంలో నామినీ కాలమ్ ఖాళీగా వదలొద్దు. మెంబర్ పోయాక షేర్ డబ్బుకీ, రావాల్సిన మజూరీకీ ఇంట్లోవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదు. ఎప్పుడో రాసిన నామినీ పేరు మార్చాలన్నా ఒక అప్లికేషన్ చాలు, ఈ వారంలోనే ఇచ్చెయ్యండి.