కరెంటు మానిటరు ఆర్డరు పెట్టేముందు మీటరు చూడండి

రోహిణి కార్తెలో నెల్లూరు వైపు అర్ధరాత్రి దాటినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. ఏసీ ఆపలేం. ఆంధ్రప్రదేశ్ 2022 టారిఫ్ లెక్కన నెలకు 225 యూనిట్లు దాటితే ఆపై యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కి పోతుంది. ఏ రోజుకారోజు ఎంత కాలిందో చూపే మానిటరు అందుకే పనికొస్తుంది. అయితే అది మీ మీటరుకు కుదురుతుందో లేదో ముందే తేల్చుకోవాలి.

మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటుకు అంటించే రకం ఒకటుంది. చక్రం తిరిగే పాత మీటరుకు ఆ లైటు ఉండదు, కాబట్టి ఇది పనిచేయదు. లైటు ఉంటే పక్కన 3200 లాంటి అంకె ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. ఆ అంకెను మానిటరులో పెట్టుకునే వీలుండాలి. ఇంట్లో అన్నీ ఆపి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే వేసి అర నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరైతే 26, 27 సార్లు రావాలి. వోల్టేజీ తక్కువున్న ఊళ్లో ఇంకాస్త తగ్గుతుంది, కంగారు పడకండి. ఎర్త్ అని రాసిన లైటు వేరు, దానికి అంటించొద్దు.

వైరు చుట్టూ బిగించే క్లాంప్ రకంతోనే నాకు భయం. పోయిన వేసవిలో ఒంగోలులో మా అక్కావాళ్లింట్లో దాన్ని ఫేజు, న్యూట్రల్ రెండింటికీ కలిపి తగిలించారు. ఏసీ నడుస్తున్నా సున్నా చూపించింది. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి మరి. క్లాంప్ ఒక్క ఫేజు వైరుకే పట్టాలి. ఆ వైరు కోసం బావ మీటరు కింద మూత తీయబోతుంటే అక్క చేయి పట్టుకుని ఆపింది. ఆ మూతకు సీలు ఉంటుంది. దాన్ని తెంపితే 2003 విద్యుత్ చట్టం కింద కేసు అవుతుంది. అంతకన్నా ముఖ్యం, మన మెయిన్ ఆపినా అక్కడ కరెంటు ఉంటుంది. క్లాంప్ మెయిన్ దాటాక, ఇంట్లోకి కరెంటు పంచే డీబీ బోర్డులోనే వేయించండి, అదీ ఎలక్ట్రీషియన్ చేత. బిగించాక దాని పిన్నును మానిటరు నుంచి పీకకండి. కొన్ని రకాల్లో అక్కడ ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది.

త్రీ ఫేజ్ ఇంటికి మూడు క్లాంపులు కావాలి. సోలారు ఉంటే కరెంటు ఏ దిక్కుకు పోతోందో గుర్తించే రకమే తీసుకోండి, లేకపోతే బయటికి పంపిందీ వాడినట్టే చూపిస్తుంది. అపార్టుమెంట్లలో మీటర్లన్నీ కిందే ఉంటాయి. సర్వీసు నంబరు బిల్లుతో సరిచూసుకోండి, వైఫై అక్కడిదాకా వస్తుందో ఫోనుతో చూడండి.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుప మీటరు పెట్టెలు తుప్పు పడతాయి. ముట్టుకునేముందు టెస్టరు పెట్టండి. వెలిగిందా, చేయి వేయకుండా 1912కు ఫోన్ చేయండి.