అయస్కాంత దర్పణం: నడిమధ్యలో సున్నా వస్తుంటే

అయస్కాంత దర్పణం అంటే చివర్ల దగ్గర బలమైన అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రాన్లని వెనక్కి మళ్లించే అమరిక. ఇది పర్లాకిమిడిలో డిగ్రీ ల్యాబు కోసం కట్టింది. రెండు కాయిల్స్, వ్యాసార్ధం 15 సెం.మీ., మధ్య ఎడం 45 సెం.మీ. సిరీస్‌లో 2 ఆంపియర్లు. సరిగ్గా నడిమధ్యలో హాల్ ప్రోబ్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) సున్నా చూపించింది. ప్రోబ్ తప్పేం లేదు. ఒక కాయిల్ తిరగబడి కలిసింది. అలా కలిస్తే అది దర్పణం కాదు, కస్ప్: రెండు కాయిల్స్ క్షేత్రాలు ఎదురెదురై నడిమధ్యలో రద్దయిపోతాయి. ఆ ఒక్క కాయిల్ తీగలు అటూ ఇటూ మార్చగానే కుదిరింది.

ఇప్పుడు కాయిల్ కేంద్రంలో క్షేత్రం మధ్యలో ఉన్నదానికి 3 రెట్లు. అంటే మధ్యలో క్షేత్రరేఖకి 35 డిగ్రీల లోపు కోణంలో బయల్దేరిన ఎలక్ట్రాన్లు చివర్ల నుంచి జారిపోతాయి, మిగతావి వెనక్కి మళ్లుతాయి. ఎడం 30కి తగ్గిస్తే ఆ కోణం 54కి పెరుగుతుంది, ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్లు జారిపోతాయి, దండగ.

మే ఎండలకి రాగి నిరోధం పది డిగ్రీలకి దాదాపు 4 శాతం పెరుగుతుంది. దాంతో కరెంటు, క్షేత్రం తగ్గిపోకుండా సప్లైని స్థిర కరెంటులోనే ఉంచండి.