పొలాల్లో రాకాసి గుళ్లు: శాటిలైట్ ఫోటోలో ఎందుకు తప్పుతున్నాయి?

గూగుల్ ఎర్త్ తెరవడం, చోటు సేవ్ చేసుకోవడం వచ్చనే అనుకుంటున్నాను. హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు పొలాల్లో ఆదిమానవుల సమాధులు (ఊళ్లలో వీటినే రాకాసి గుళ్లు అంటారు) దొరికాయంటూ నాకు స్క్రీన్‌షాట్లు వస్తుంటాయి. అందరికీ నా మొదటి ప్రశ్న ఒకటే: పాత సంవత్సరాల ఫోటోలు చూశారా? చూసి ఉండరు.

సమస్య: ఎంత వెతికినా ఏమీ కనిపించదు.

ఇంగ్లండ్ పొలాల వీడియోలు చూసి, పైరు రంగులో వలయాలు వెతుకుతుంటారు. అక్కడ సమాధి దిబ్బ చుట్టూ తవ్విన కందకం పూడిపోయి తేమ పట్టి ఉంచుతుంది, దానిపై పైరు ఏపుగా పెరుగుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి గుండ్లను వలయంగా పేర్చి మధ్యలో రాళ్లూ మట్టీ పోసినవి. కాబట్టి వెతకాల్సింది రాయిని. చెరువు కింది వరి మడులు వదిలేయండి, అక్కడ ఎప్పుడో చదును చేసేశారు. గుట్టల అంచున ఉన్న చెల్కలు, బీళ్లు చూడండి, అదీ నేల ఖాళీగా ఉండే మార్చి, ఏప్రిల్ ఫోటోల్లో. నగరం దగ్గరైతే బాగా పాత ఫోటోలే దిక్కు. హష్మత్‌పేట, మౌలాలి సమాధుల చుట్టూ ఇప్పుడు ఇళ్లే.

సమస్య: ఎక్కడ చూసినా వలయాలే.

కళ్లం, గడ్డివాము తీసిన మచ్చ, గొర్రెల మంద పెట్టిన చోటు. ఇవి ఒక ఏడాది ఉండి మరుసటి ఏడాది మాయమవుతాయి. రాళ్ల వలయం కదలదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు చూపించే టైమ్ స్లైడర్ వెనక్కి జరిపితే రెండు నిమిషాల్లో తేలే విషయం ఇది.

సమస్య: వలయం బాగుంది, కానీ అది గుంటలా ఉంది. "పాడుబడ్డ బావి" అని వదిలేస్తారు.

అసలు మోసం ఇక్కడే. హై రిజల్యూషన్ ఉపగ్రహాలు ఎక్కువగా ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తాయి. చలికాలంలో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, నీడ వాయవ్యానికి, అంటే ఫోటోలో పైకి, ఎడమకు పడుతుంది. మన కన్ను మాత్రం వెలుతురు ఫోటో పైఅంచు వైపు నుంచే వస్తుందని అనుకుంటుంది. దాంతో దిబ్బ గుంటగా, గుంట దిబ్బగా కనిపిస్తుంది. నిజమైన సమాధిని బావి అని కొట్టేస్తారు, పూడిన బావి దగ్గరికి ఎండలో నడుచుకుంటూ వెళ్తారు.

ముందు అదే ఫోటోలో వేపచెట్టో, హైటెన్షన్ టవరో చూసి నీడ ఎటు పడిందో తెలుసుకోండి. తర్వాత దిక్సూచిని తిప్పి దక్షిణం పైకి తెండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉంటే తలకిందులు చేసినా చాలు. ఎత్తుపల్లాలు సరిగ్గా కనిపిస్తాయి. జూన్ ఫోటోతో ఈ పని చేయొద్దు, సూర్యుడు బాగా పైకి వచ్చేసి నీడ పొట్టిగా ఉంటుంది. త్రీడీ మోడ్‌నూ నమ్మొద్దు. అందులోని ఎత్తు లెక్కలు చాలాచోట్ల ముప్పై మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి, పది మీటర్ల వెడల్పున్న దిబ్బ వాటికి ఆనదు.

తిప్పాక కూడా మధ్యలో గుంటే ఉంటే? బావి అని అప్పుడే తేల్చొద్దు. గుప్తనిధుల వాళ్లు సమాధులను నడిమధ్యే తవ్వుతారు. వలయం చుట్టూ ఒకే ఎత్తులో లేచి ఉండి, పక్కన అలాంటివే మరికొన్ని ఉంటే అది తవ్వి పాడుచేసిన సమాధే కావచ్చు. బావి మట్టిని సాధారణంగా ఒకవైపే పోస్తారు, కరెంటు స్తంభాల వరుస అక్కడికే వచ్చి ఆగుతుంది, మోటారు గది గోడో, కాలువ జాడో మిగిలి ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో, అంటే ఆ ప్రాంతపు వివరమైన మ్యాపులో, ఆ చోట బావి గుర్తు ఉందేమో కూడా చూడండి.

ఇటుక బట్టీలు, వెంచర్లలో వదిలేసిన గుండ్రటి పార్కులు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. పాత ఫోటో చూస్తే వాటి సంగతి తేలిపోతుంది.

ఇవన్నీ దాటిన చోటుకే వెళ్లండి. ముందు పొలం యజమానిని అడగండి, ఊళ్లో పెద్దవాళ్లను "ఇక్కడ రాకాసి గుళ్లున్నాయా?" అని అడగండి. రాయి కదపకుండా ఫోటోలు తీసి, లొకేషన్‌తో సహా రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి.